డిక్కీలో దడ, పాటలో పస: కార్ సబ్‌ఊఫర్ల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజుల్లో ఎక్కువ భాగం కార్ సబ్‌ఊఫర్ల (లోతు బేస్ మోగించే స్పీకర్లు, ముద్దుగా సబ్‌లు) గురించే, పెళ్లిళ్ల సీజన్ ప్రభావమో ఏమో మరి. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి కొన్ని ఎంచుకున్నాం. చాలామంది పేరు వేయొద్దన్నారు కాబట్టి అందరికీ ఊరు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: సార్, నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్విఫ్ట్ పెట్రోల్. మ్యూజిక్ కోసం పాతిక వేలు పక్కన పెట్టుకున్నా. షాపులో అబ్బాయి 12 ఇంచుల సబ్, పైన 1500 వాట్లు అని రాసున్న ఆంప్ (ఆంప్లిఫయర్) చూపించి "అన్నా ఇది పెడితే వీధి చివర్నుంచే నీ బండి వస్తోందని తెలిసిపోద్ది" అన్నాడు. నాకేమో డీజే పాటలు కావాలి, నాన్నగారు ఎక్కితే ఇళయరాజా పాటలు కూడా బాగా వినపడాలి. రెండూ కుదిరే సబ్ ఏదైనా ఉందా? (భీమవరం)

జవాబు: ఉంది, కానీ ముందు ఆ 1500 సంగతి తేల్చేద్దాం తమ్ముడూ. ఈసారి షాపుకెళ్లినప్పుడు ఆంప్ తిప్పి చూడండి, వైర్లు బిగించే వైపు చిన్న ప్లాస్టిక్ ఫ్యూజులు గుచ్చి ఉంటాయి, వాటి మీద నంబర్ ఉంటుంది. 30 అని ఉందనుకోండి, ఇంజన్ నడుస్తున్నప్పుడు బండిలో వోల్టేజ్ 13.8 చిల్లర, రెండూ గుణిస్తే 414 వాట్లు, అంటే ఆ ఆంప్ లోపలికి పోయే కరెంటే అంత. క్లాస్ డి (కరెంట్ తక్కువ వృథా చేసే రకం) ఆంప్ మంచిదైతే అందులో 80 శాతం దాకా బయటికిస్తుంది, అంటే 330. మరి 1500 ఎక్కడ్నించి వచ్చింది అంటే అట్టపెట్టె మీద ప్రింటింగ్ ప్రెస్ నుంచి వచ్చింది. నిజంగా 1500 వాట్లు ఇవ్వాలంటే ఆ ఆంప్ 130 ఆంపియర్లకి పైనే లాగాలి, మామూలు చిన్న కారు ఆల్టర్నేటర్ మొత్తం కలిపినా అంత ఇవ్వదు. కాబట్టి మ్యాక్స్, పీక్, పీఎంపీఓ అన్న మాటలు చూడకుండా ఆర్‌ఎంఎస్ (ఆగకుండా నిలకడగా నడిచే వాట్లు) అన్న అంకె ఒక్కటే చూడండి, సబ్‌కీ అదే ఆంప్‌కీ అదే.

ఇంకో సంగతి, వాట్లు రెట్టింపైతే మోత రెట్టింపవ్వదు. 300 వాట్ల చోట 600 పెడితే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి "ఆ, కాస్త పెరిగింది" అనిపిస్తుంది అంతే. రెండింతలు మోగినట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పదింతలు పవర్ కావాలి. అందుకే వాట్ల వెనక పరిగెత్తేకంటే సబ్ సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన కొద్ది పవర్‌కి ఎంత మోగుతుందో చూడటం తెలివైన పని. ఒకటి 84, ఇంకొకటి 87 డెసిబెల్స్ అని ఉందనుకోండి, ఇద్దరూ ఒకే పద్ధతిలో కొలిచి ఉంటే ఆ రెండోది సగం పవర్‌తోనే మొదటిదానంత మోగుతుంది. కొందరు ఒక వాట్‌కీ కొందరు 2.83 వోల్టులకీ కొలుస్తారు, 2 ఓమ్‌ల (ఓమ్ అంటే కరెంట్‌కి సబ్ ఇచ్చే అడ్డుకి కొలత) సబ్‌కి ఈ రెండో లెక్కలో అంకె ఊరికే 6 ఎక్కువ కనిపిస్తుంది, అది కూడా చూసుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం, బాక్స్. షాపుల్లో దీని గురించి ఎవరూ మాట్లాడరు, కానీ మోతా నాణ్యతా రెండూ తేలేది ఇక్కడే. మృదంగానికి తోలు ఎంత మంచిదైనా పనస కర్ర చెక్కడం తేడా వస్తే నాదం పోయినట్టే, ఖరీదైన సబ్ తెచ్చి రెడీమేడ్ డబ్బాలో కూర్చోబెడితే డబ్బులు దండగ. సీల్డ్ బాక్స్ అంటే గాలి బయటికి పోని మూసిన డబ్బా, పోర్టెడ్ అంటే ఒక గొట్టమో చీలికో ఉండి గాలి లోపలికీ బయటికీ ఆడేది. పోర్టెడ్‌లో ఆ పోర్ట్ ఏ ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేశారో దాని చుట్టూ సుమారు 3 డెసిబెల్స్ అదనంగా వస్తుంది, అంటే ఉచితంగా రెండింతల పవర్ వచ్చినంత. డీజే పాటల్లో ఆ సాగే కిక్ 40 నుంచి 60 హెర్ట్జ్ మధ్యలో ఉంటుంది, అక్కడ పోర్టెడ్ దుమ్ము రేపుతుంది. కానీ కొట్టిన దెబ్బ వెంటనే ఆగదు, తోక ఉంటుంది. బేస్ గిటార్ చకచకా మెట్లు దిగుతున్నప్పుడు ఆ తోకలన్నీ ఒకదానిమీద ఒకటి పడి ముద్దయిపోతాయి, చవగ్గా ట్యూన్ చేసిన బాక్స్ అయితే మరీను. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ ఒక్కోచోట పాడేవాళ్లతో సమానంగా నడుస్తుంది కదా, అక్కడ మీ నాన్నగారు "ఏంట్రా ఈ రొద, ఆపు" అంటారు.

సీల్డ్‌లో దెబ్బ పడగానే ఆగుతుంది. కిందకి వెళ్లే కొద్దీ ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 12 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది, పోర్టెడ్ అయితే ట్యూనింగ్ కింద 24 చొప్పున దబ్బున పడిపోతుంది. ఇక్కడ కారుకే ఒక వరం ఉంది. 50 హెర్ట్జ్ శబ్దం ఒక్క అల పొడవు దాదాపు 7 మీటర్లు, మీ స్విఫ్ట్ మొత్తం పొడవు 4 మీటర్లు కూడా లేదు. అల పట్టనంత చిన్న గది కాబట్టి సుమారు 60, 70 హెర్ట్జ్ కింద నుంచి బండి లోపలి గాలంతా ఒకేసారి నొక్కుకుని బేస్ దానంతటదే పెరుగుతుంది, దీన్నే క్యాబిన్ గెయిన్ అంటారు. అద్దాలు, డోర్ల సందుల వల్ల పూర్తిగా రాదు గానీ సీల్డ్ బాక్స్ కింద పోగొట్టుకున్నది చాలావరకు బండే తిరిగి ఇచ్చేస్తుంది. ఇంట్లో నీరసంగా వినపడే సీల్డ్ సబ్ కార్లో పెడితే మనిషి మారినట్టు మోగేది ఇందుకే.

నన్నడిగితే మీకు 10 ఇంచుల సబ్ ఒకటి, 250 నుంచి 300 వాట్ల ఆర్‌ఎంఎస్ ఉన్నది, సీల్డ్ బాక్స్‌లో, దానికి సరిపడా మోనో (ఒకే చానెల్) ఆంప్. బాక్స్ లోపల చోటు 20 నుంచి 25 లీటర్ల దాకా చాలు, సరిగ్గా ఎంత అనేది ఆ సబ్ మాన్యువల్లో ఉంటుంది, అదే ఫైనల్, మేస్త్రీ అంచనా కాదు. స్విఫ్ట్ డిక్కీ ఏ మోడల్ అయినా 270 లీటర్ల లోపే, 12 ఇంచులకి పోర్టెడ్ కట్టిస్తే బయటి కొలత 70, 80 లీటర్లు తినేస్తుంది, ఇక ఊరెళ్లేటప్పుడు మామిడికాయల బుట్ట ఎక్కడ పెడతారు? బాక్స్ 18 ఎంఎం ఎండీఎఫ్‌తో (చెక్క పీచు నొక్కి చేసిన పలక) చేయించండి, మీది భీమవరం తేమ కాబట్టి లోపలా బయటా సీలర్ పూయించడం మర్చిపోవద్దు, ఎండీఎఫ్ తడి పీలిస్తే ఉబ్బి అతుకులు విడిపోతాయి. సబ్ మొహం డిక్కీ డోర్ వైపు ఉంటే హ్యాచ్‌బ్యాక్‌లో మామూలుగా ఎక్కువ మోగుతుంది, అటూ ఇటూ తిప్పి వినండి.

పాతికలో మూడో వంతు మాత్రం ముందు డోర్ స్పీకర్లకీ, ఆ డోర్లకి డంపింగ్ (అదురు ఆపే) షీట్‌కీ ఉంచండి. తీన్మార్ డప్పు చిటపట సబ్‌లోంచి రాదు, డోర్ స్పీకర్లోంచి వస్తుంది. ముందు స్పీకర్లు బక్కగా ఉంటే బేస్ వెనక ఎక్కడో మోగుతుంది, గొంతు ముందెక్కడో వినపడుతుంది, రెండూ రెండు బండ్లలో ఉన్నట్టుంటుంది.

ప్రశ్న: అన్నా, నేను 12 ఇంచుల పోర్టెడ్ పెట్టించిన. మోత మస్తుంది గానీ బండి స్పీడ్ పెంచితే స్పీకర్లలో కూయ్ అని సన్నగ సౌండొస్తది, బేస్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు గుడ్డిగైతున్నయ్, నంబర్ ప్లేట్ దగ్గర గడగడ. షాపాయన కెపాసిటర్ పెట్టుకో అంటుండు. పెట్టాల్నా? (కరీంనగర్)

జవాబు: కెపాసిటర్ కరెంట్ పుట్టించదన్నా, ఉన్నదాన్నే క్షణం సేపు దాచి ఇస్తుంది అంతే, ఆ డబ్బు ఆపండి. ముందు ఆంప్‌కి వెళ్లే పవర్ వైర్ చివర కొంచెం చాకుతో గీకి చూడండి. లోపల తెల్లగా వెండిలా కనిపిస్తే అది అల్యూమినియం మీద రాగి పూత, అసలు రాగి అయితే ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది. పూత వైర్ అయితే అదే సైజు రాగి మోసినంత కరెంట్ మోయలేదు, వోల్టేజ్ దారిలోనే పడిపోతుంది. 500 వాట్ల ఆర్‌ఎంఎస్ ఆంప్ గట్టిగా కొట్టినప్పుడు 45 ఆంపియర్ల దాకా లాగుతుంది, దానికి 4 గేజ్ అసలు రాగి వైర్ వేయాలి. బ్యాటరీ నుంచి అడుగున్నర లోపే ఫ్యూజ్ ఉండాలి, ఇది సౌండ్ కోసం కాదు, ఆ వైర్ ఎక్కడైనా రేకుకి రాసుకుని తెగితే బండి అంటుకోకుండా ఉండటానికి. చాలా బండ్లలో ఈ ఫ్యూజ్ ఆంప్ దగ్గర పెట్టి చేతులు దులుపుకుంటున్నారు, అక్కడ పెడితే మధ్యలో ఉన్న నాలుగు మీటర్ల వైర్‌కి కాపలా ఎవరు?

తర్వాత ఎర్త్. డిక్కీలో రేకుకి బోల్ట్ బిగించిన చోట పెయింట్ గీకారా లేదా చూడండి, పెయింట్ మీదే బిగించి ఉంటే సగం రోగాలు దాని వల్లే. ఇంజన్ స్పీడ్‌తో పాటు పెరిగే ఆ కూత కూడా ఎక్కువగా ఎర్త్ సరిగా లేకో, పవర్ వైరూ ఆర్‌సీఏ వైరూ (స్టీరియో నుంచి ఆంప్‌కి పాట సిగ్నల్ తెచ్చేది) కలిపి ఒకే పక్కన లాగేయడం వల్లో వస్తుంది, పవర్ ఒక వైపు గుమ్మం కింద, ఆర్‌సీఏ ఇంకో వైపు గుమ్మం కింద లాగించండి. బ్యాటరీ వయసు కూడా చూసుకోండి, పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌లలో తరచూ ఉండేది 35 ఏహెచ్ చిన్న బ్యాటరీ, ముసలిదైపోతే బేస్‌కి మొదట సెలవడిగేది అదే.

ఇక గెయిన్. మీ ఆంప్ మీద గెయిన్ స్క్రూ ఎక్కడుందో చూడకుండానే చెప్తున్నా, చివరిదాకా తిప్పేసి ఉంటుంది, పక్కన బేస్ బూస్ట్ కూడా ఫుల్ ఉంటుంది. గెయిన్ వాల్యూం కాదు, స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టే మర. ఫుల్‌గా తిప్పితే సిగ్నల్ తల తెగి చదునైపోతుంది, క్లిప్పింగ్ అంటారు, సబ్ కాయిల్ మాడేది తరచూ దాని వల్లే. సబ్ వైర్లు తీసేసి, బేస్ బూస్ట్ సున్నా చేసి, 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ పెట్టి, స్టీరియో వాల్యూం ముప్పావు దగ్గర ఉంచి, ఆంప్ అవుట్‌పుట్‌లో మల్టీమీటర్‌తో ఏసీ వోల్టులు చూస్తూ గెయిన్ మెల్లగా పెంచాలి. ఎక్కడ ఆపాలంటే మీ ఆంప్ ఆర్‌ఎంఎస్ వాట్లని సబ్ ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయండి. 300 వాట్లు, 4 ఓమ్‌లు అయితే 1200కి వర్గమూలం 34.6 వోల్టులు, అక్కడ ఆపేయండి. లో పాస్ (పై శబ్దాలు సబ్‌కి వెళ్లకుండా ఆపే ఫిల్టర్) 80 హెర్ట్జ్ దగ్గర, పోర్టెడ్ కాబట్టి మరీ కింది శబ్దాల్ని ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ తప్పకుండా ఆన్, బాక్స్ 34కి ట్యూన్ అయి ఉంటే ఇది ఒక 30 దగ్గర. ఆ కింద పోర్టెడ్ బాక్స్‌లో కోన్‌ని (ముందుకీ వెనక్కీ ఆడే సబ్ పొర) పట్టుకునే గాలి ఉండదు, అది ఇష్టమొచ్చినట్టు ఎగిరి చిరుగుతుంది. ఇవన్నీ చేశాక మోత కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది, రెండ్రోజులు అలాగే వినండి, తగ్గింది గోల అని మీకే తెలుస్తుంది.

గడగడకి మందు చవక. 30 నుంచి 80 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే టోన్ ఒకటి పెట్టి ఒకరు లోపల కూర్చుంటే ఇంకొకరు బయట నంబర్ ప్లేట్, డిక్కీ డోర్, లోపలి ప్లాస్టిక్ ఒక్కొక్కటీ చేత్తో నొక్కుతూ పోవాలి, ఏది నొక్కితే ఆగిందో అక్కడ ఫోమ్ టేపో బ్యూటైల్ (రబ్బరు లాంటి) షీటో అంటించడమే.

ప్రశ్న: 10 ఇంచులవి రెండా, 12 ఇంచులది ఒకటా? ఫ్రెండ్స్‌తో పందెం. (హనుమకొండ)

జవాబు: మోత కోసమైతే రెండు పదులు. 12 ఇంచుల కోన్ వైశాల్యం సుమారు 480 చదరపు సెంటీమీటర్లు, 10 ఇంచులది 330 చిల్లర, రెండు కలిస్తే 660. రెండో సబ్‌కి కూడా మొదటిదానంత పవర్ ఇస్తే మొత్తం మీద 6 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. పెద్ద సబ్ అంటే నీరసం, చిన్న సబ్ అంటే చురుకు అని చెప్పుకునేది మాత్రం సగం పుకారే, బాక్స్ కుదిరితే 12 కూడా చురుగ్గానే కొడుతుంది. రెండు పెట్టేటప్పుడు ఓమ్‌లు లెక్క చూసుకోండి, 4 ఓమ్‌లవి రెండు ప్యారలల్‌లో కలిపితే 2 అవుతుంది, ఆంప్ 2 ఓమ్‌లు తట్టుకుంటుందని రాసుంటేనే కలపాలి. 2 ప్లస్ 2 డ్యూయల్ కాయిల్ (2 ఓమ్‌ల కాయిల్స్ రెండున్న) సబ్ ఒక్కటైనా ప్యారలల్‌లో 1 ఓమ్‌కి దిగిపోతుంది, చాలా ఆంప్‌లు అక్కడ ప్రొటెక్ట్ లైట్ వేసి కూర్చుంటాయి. పందెం ఎవరు గెలిచారో రాయండి.

ప్రశ్న: మాది ఎర్టిగా, ఏడుగురం ఎక్కుతాం, తిరుపతి, శ్రీశైలం ట్రిప్పులు ఎక్కువ. డిక్కీలో బాక్స్ అంటే ఇంట్లో ఒప్పుకోరు. అండర్ సీట్ సబ్ అని అమ్ముతున్నారు, అదేమైనా పనికొస్తుందా? (కర్నూలు)

జవాబు: ఇంట్లోవాళ్లదే రైట్, మూడో వరస సీట్లు ఎత్తితే ఎర్టిగా డిక్కీ 209 లీటర్లు, అందులో బాక్స్ పెడితే బ్యాగులు ఒళ్లో పెట్టుకోవాలి. అండర్ సీట్ సబ్ అంటే పల్చటి డబ్బాలో 8 ఇంచుల సబ్, ఆంప్ అందులోనే. వీధి అదరదు, అద్దాలు ఊగవు, 40 హెర్ట్జ్ కింద పెద్దగా ఏమీ ఉండదు. కానీ డ్రైవర్‌కి దగ్గరగా, ముందు స్పీకర్ల పక్కనే ఉంటుంది కాబట్టి బేస్ పాటలో కలిసిపోయి వినపడుతుంది. నాకు చవక 12 ఇంచుల బేస్ ట్యూబ్ (గొట్టం ఆకారపు రెడీమేడ్ సబ్) కంటే మంచి అండర్ సీట్ సబ్బే నచ్చుతుంది, ఈ మాటకి మా ఆఫీసులోనే గొడవలైపోతాయి. కొనేముందు సీటు కిందకి టేప్ పెట్టి ఎత్తు కొలవండి, సీటు ముందుకీ వెనక్కీ పూర్తిగా జరిపి మరీ చూడండి, ఏసీ గొట్టం, సీటు వైరింగ్ అడ్డొస్తాయేమో తెలుస్తుంది. కంపెనీ స్టీరియో ఉంచుకునేట్టయితే హై లెవెల్ ఇన్‌పుట్ (స్పీకర్ వైర్ నుంచే సిగ్నల్ తీసుకునేది) ఉన్నది తీసుకోండి, స్పీకర్ వైర్ కత్తిరించకుండా కప్లర్‌తో కలిపే కిట్లు దొరుకుతాయి, వారంటీ గొడవ తగ్గుతుంది. పెట్టాక ఫేజ్ స్విచ్ (సబ్ ముందుకీ వెనక్కీ ఆడే వరస తిప్పేది) 0లో ఒకసారి, 180లో ఒకసారి, డ్రైవర్ సీట్లో కూర్చుని వినండి, ఏ వైపు బేస్ నిండుగా ఉంటే అదే కరెక్ట్.

ప్రశ్న: మా మరిది హ్యాచ్‌బ్యాక్ డిక్కీలో పెద్ద సబ్ పెట్టించాడు. వెనక సీట్లో మా నాలుగేళ్ల బాబు కూర్చుంటాడు, సరిగ్గా వాడి వీపు వెనకే ఆ డబ్బా. ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి "చూడు వదినా, 82 మాత్రమే" అంటున్నాడు. నమ్మొచ్చా? (గుంటూరు)

జవాబు: ఆ 82ని బేస్ విషయంలో నమ్మక్కర్లేదమ్మా. ఆ యాప్‌లు మామూలుగా ఏ వెయిటింగ్ అనే పద్ధతిలో చూపిస్తాయి, అందులో 50 హెర్ట్జ్ శబ్దాన్ని 30 డెసిబెల్స్ తగ్గించి లెక్కేస్తారు, ఫోన్ మైకు కూడా అంత కింది శబ్దం సరిగ్గా పట్టదు. అంటే అక్కడ నిజంగా 110 ఉన్నా తెర మీద 80 చుట్టూనే కనపడొచ్చు. అలాగని భయపెట్టడం కూడా సరి కాదు, ఆ తగ్గింపు ఊరికే పెట్టలేదు, అదే డెసిబెల్స్‌లో కీచుమనే శబ్దం చేసినంత చెరుపు లోతు బేస్ చేయదు. అసలు ముప్పు ఏంటంటే బేస్‌కి తగ్గట్టు మిగతా వాల్యూం కూడా పెంచేస్తారు. అమెరికాలో నియోష్ అనే సంస్థ పెద్దవాళ్లకి పెట్టిన లెక్క ఏ వెయిటింగ్‌లో 85 అయితే రోజుకి 8 గంటలు, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగం అవుతుంది, 100కి వచ్చేసరికి 15 నిమిషాలే. అది కూడా పనిచేసే చోట పెద్దవాళ్ల కోసం రాసింది, పసిచెవులకి ఇంకా తక్కువలో ఉండటమే మంచిది.

మీ మరిదికి చెప్పండి, సబ్‌కి విడిగా బేస్ నాబ్ అని చిన్న రిమోట్ వస్తుంది, డ్యాష్‌బోర్డ్ కింద బిగించి బాబు ఎక్కినప్పుడు తగ్గించుకోవచ్చు. ముందు సీట్లో పక్కన కూర్చున్నవాళ్లతో గొంతు పెంచకుండా మాట్లాడగలిగితే వాల్యూం బాగున్నట్టే. డబ్బాని బెల్ట్‌తోనో బ్రాకెట్‌తోనో డిక్కీ ఫ్లోర్‌కి కట్టించమనండి, ఇది చెవుల కంటే ముఖ్యం. ఇరవై కిలోల డబ్బా ఊరికే పెట్టి ఉంటే గట్టి బ్రేక్‌కి నేరుగా వెనక సీటు మీదకే వస్తుంది. ఇంకా మాట వినకపోతే చలానా సంగతి ఎత్తండి, మోటారు వాహనాల చట్టం 190(2) కింద శబ్ద ప్రమాణాలు దాటితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ కూడా.

ప్రశ్న: మాన్యువల్లో ఎఫ్ఎస్, క్యూఈఎస్, వీఏఎస్ అని ఏవేవో అంకెలున్నాయి. వాటితో మనకేం పని? (విశాఖపట్నం)

జవాబు: చాలా పని. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ అనే ఇంజనీర్, ఆ తర్వాత 70ల్లో రిచర్డ్ స్మాల్, డబ్బాలో పెడితే స్పీకర్ ఎలా మోగుతుందో ముందే లెక్కగట్టే దారి చూపించారు, అవి ఆ అంకెలే. మీకు అక్కరకొచ్చే చిట్కా ఒకటి, ఎఫ్ఎస్‌ని (సబ్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) క్యూఈఎస్‌తో (ఆ ఊపుని కాయిల్, అయస్కాంతం ఎంత అదుపు చేస్తాయో చెప్పే అంకె) భాగించండి, 50 దగ్గరో కిందో వస్తే ఆ సబ్ సీల్డ్‌కి బాగుంటుంది, 100 దగ్గరకొస్తే పోర్టెడ్‌కి, మధ్యలో ఉంటే రెండింటికీ. ఉదాహరణకి ఎఫ్ఎస్ 32, క్యూఈఎస్ 0.6 అయితే 53, సీల్డ్ కట్టించేయండి. ఈ అంకెలేవీ ఇవ్వని సబ్ అయితే బాక్స్ ఎంత కట్టాలో మేస్త్రీ కూడా గుడ్డిగా కొట్టాల్సిందే, అలాంటిది కొనకండి.

ప్రశ్న: ఇక్కడ ఆంప్‌ల మీద రకరకాల అంకెలు, దేన్ని నమ్మాలి? పక్కవాళ్లతో గొడవలు లేకుండా కూడా ఉండాలి. (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

జవాబు: సీటీఏ 2006 (పాతవాటి మీద సీఈఏ 2006) గుర్తు ఉన్న ఆంప్ తీసుకోండి, అంటే 14.4 వోల్టుల దగ్గర 4 ఓమ్‌లకి 1 శాతం లోపు డిస్టార్షన్‌తో కొలిచిన వాట్లే రాశారని అర్థం. గొడవ సంగతంటారా, మీ రాష్ట్రం వెహికల్ కోడ్ 27007 ప్రకారం రోడ్డు మీద బండి సౌండ్ 50 అడుగుల అవతలికి వినపడకూడదు. సీల్డ్ 10 ఒకటి పెట్టుకుని అద్దాలు ఎత్తి వినండి.

ప్రశ్న: నెక్సాన్ ఈవీలో సబ్ పెట్టొచ్చా? రేంజ్ తగ్గుతుందా? (హైదరాబాద్)

జవాబు: పెట్టొచ్చు. ఆంప్ నడిచేది 12 వోల్టుల చిన్న బ్యాటరీ మీద, దాన్ని పెద్ద బ్యాటరీ నుంచి డీసీ డీసీ కన్వర్టర్ చార్జ్ చేస్తుంది. పాటకి సగటున ఆంప్ లాగేది వంద వాట్ల లోపే ఉంటుంది కాబట్టి రేంజ్‌లో తేడా మీకు కనపడదు, ఏసీ దానికి ఎన్నో రెట్లు తింటుంది. 300 వాట్ల ఆర్‌ఎంఎస్ దాటకండి, నారింజ రంగు కేబుల్స్ హై వోల్టేజ్‌వి, వాటి దరిదాపుల్లో స్క్రూ బిగించనివ్వకండి, వైర్ లాగేముందు సర్వీస్ సెంటర్‌లో వారంటీ విషయం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.